పెట్టెలోని గిటారు

మా ఇంట్లో రెండు ఎలక్ట్రిక్ గిటార్లున్నాయి. ఒకటి మావాడు హైస్కూలు పూర్తిచేసినప్పుడు రెండు వేల డాలర్లు పోసి మేం కొన్నది. రెండోది గరాజ్ సేల్‌లో అరవై డాలర్లకి వాడే తెచ్చుకున్నది. మొదటిది మా ఆవిడ పట్టుచీరల్లాగే భద్రంగా పెట్టెలో ఉంటుంది. వాడు రోజూ వాయించేది రెండోదే. "అది వాయించవేంరా?" అంటే, "గీత పడుతుంది నాన్నా" అంటాడు. ఆ జవాబు చాలాకాలం గుచ్చుకుంది. వాడిచ్చిన ఒక రికార్డు విన్నాక, తప్పు మాదేనేమో అనిపించింది.

అది 1971లో వచ్చిన 'హౌండ్ డాగ్ టేలర్ అండ్ ది హౌస్‌రాకర్స్'. టేలర్ మిసిసిపీలో పుట్టి, 1942లో షికాగో చేరిన నల్లజాతి బ్లూస్ గాయకుడు. ఏళ్ళతరబడి అక్కడి బార్లలో వాయించాడు. బ్రూస్ ఇగ్లావర్ అనే కుర్రాడు, తను పనిచేసే రికార్డు కంపెనీ ముందుకు రాకపోతే, సొంత డబ్బు 2500 డాలర్లతో ఈ రికార్డు తీశాడు. ఎలిగేటర్ రికార్డ్స్ అలా పుట్టింది. బృందంలో ముగ్గురే: రెండు గిటార్లు, డ్రమ్ములు. బేస్ గిటారు లేదు. బ్రూవర్ ఫిలిప్స్ తన మామూలు గిటారు మీదే ఆ పనీ లాగించేస్తాడు.

టేలర్ వాయించింది జపాన్‌లో తయారైన చవక గిటారు. ఆంప్లిఫయరు సియర్స్ వాళ్ళమ్మిన సిల్వర్‌టోన్, అదీ స్పీకర్లు చిరిగినది. తీగల మీద జార్చే స్లైడు వంటింటి కుర్చీకాలు ముక్క. సాధారణంగా చవక గిటార్లలో తీగలు మెడకి బాగా ఎత్తుగా ఉంటాయి. వేళ్ళతో నొక్కేవాడికి అది నరకం. స్లైడు వాయించేవాడు తీగని అడుగుదాకా నొక్కడు, పైపైన జారుస్తాడు. అతనికి ఆ ఎత్తే వసతి. ఇక చిరిగిన స్పీకరు ప్రతి స్వరానికీ ఒక గరగర తగిలిస్తుంది. రాత్రంతా అరిచి బొంగురుపోయిన గొంతులా ఉంటుందది. శుభ్రంగా మోగే వాద్యం మీద ఈ పాటల్ని నేను ఊహించలేను. రికార్డంతా ఇంచుమించు ఒకే ఊపు, రెండోవైపుకి వచ్చేసరికి కాస్త అలసట వస్తుంది, నిజమే. అయినా మళ్ళీ మొదటినుంచీ పెట్టుకున్నాను.

చవకదల్లా గొప్పదని కాదు. శృతి నిలవని గిటారు కొత్తగా నేర్చుకునే పిల్లల్ని పారిపోయేట్టు చేస్తుంది. పైగా ఆనాటి సిల్వర్‌టోన్‌లకీ ఇప్పుడు సేకర్తలు తయారయ్యారు! భయపెట్టేది ధర కన్నా భక్తి. డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019 వేలంలో 39.75 లక్షల డాలర్లు పలికింది. 1970లో కొట్లో కొన్న ఆ గిటారుకి ఆయన మెడలు మార్చాడు, పికప్పులు మార్చాడు, ఒళ్ళంతా కోతలు పెట్టాడు. మన పాలకొల్లు శ్రీనివాస్ మాత్రం? జంట తీగల మాండలిన్ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా వాయించి, దానిమీద గమకాలు పలికించాడు. అది గూట్లో పెట్టి బొట్టుపెట్టిన వస్తువైతే కుదిరేదా?

మొన్న మావాడు, గరాజ్‌లోని పాత కుర్చీకాలు ఒకటి కోసుకోనా అని అడిగాడు. వాళ్ళమ్మని అడగమన్నాను.