కిటికీ మాట, చీటీ రాత: 1981 ఐరిష్ నిరాహారదీక్ష స్మృతులలో వివాదం

ఉత్తర ఐర్లండ్‌లోని మేజ్ జైలులో 1981 మార్చి 1న బాబీ సాండ్స్‌తో మొదలైన నిరాహారదీక్ష అక్టోబరు 3న ముగిసేనాటికి పదిమంది ఖైదీలను బలిగొన్నది. జైలు దుస్తులు నిరాకరించి దుప్పట్లు కప్పుకొన్న రిపబ్లికన్ ఖైదీల నిరసన 1976 నుంచే సాగుతున్నది. ఆ పది మరణాలకు థాచర్ ప్రభుత్వ మొండితనమే కారణమన్న కథనం రిపబ్లికన్ వర్గాలలో చిరకాలం చెల్లుబాటయింది. రిచర్డ్ ఓరా 2005లో ప్రకటించిన స్వీయానుభవ గ్రంథం 'బ్లాంకెట్‌మెన్' దానిని లోపలినుంచే ప్రశ్నించింది.

నలుగురు మరణించిన తరువాత, జులై మొదటివారంలో ప్రభుత్వం నుంచి మధ్యవర్తి ద్వారా ఒక ప్రతిపాదన వచ్చిందనీ, అది చాలునని తానూ జైలులోని ఐఆర్ఏ నాయకుడు బ్రెండన్ మాక్‌ఫార్లేనూ భావించినా వెలుపలి నాయకత్వం కాదన్నదనీ ఓరా వాదం. మాక్‌ఫార్లేన్ దీనిని ఖండించాడు. ఆ తరువాత మరణించినవారు ఆరుగురు. వివాదం తీవ్రత అంతా ఆ సంఖ్యలో ఉన్నది.

సంప్రదింపులు జరిగిన మాట నిజమే. డేవిడ్ బెరెస్‌ఫర్డ్ 1987 నాటి 'టెన్ మెన్ డెడ్'లోనే వాటి ప్రస్తావన ఉన్నది. తేలనిది ఖైదీల అంగీకారం. కాపలాదారులకు అర్థం కాకుండా, సెల్ కిటికీల గుండా, ఐరిష్ భాషలో ఆ సంభాషణ సాగిందంటాడు ఓరా. బెరెస్‌ఫర్డ్ ఆధారపడినవి సిగరెట్ కాగితాలపై రాసి రహస్యంగా బయటికి పంపిన చీటీలు. చీటీలు మిగిలాయి, కిటికీ మాట మిగలలేదు. అయినా చీటీలో లేనిది జరగనే లేదనడం సాహసం. ఆ చీటీలను అందుకొని చదివినది వెలుపలి నాయకత్వమే. ఎవరికి ఏది రాయాలో ఎరిగినవారి రాతలవి.

ఓరా కూడా సామాన్య సాక్షి కాడు. దీక్షాకాలంలో ఖైదీల ప్రచార బాధ్యుడు. నాటి ప్రకటనలకూ నేటి జ్ఞాపకానికీ కర్త ఒకడే కావడం, నడుమ ఇరవై నాలుగేళ్లు గడవడం ప్రత్యర్థుల చేతిలో బలమైన ఆయుధాలు. ఈ ఆక్షేపణను తేలికగా తోసివేయలేము. అయితే తన మౌనాన్ని తానే నిలదీసుకునే చోట గ్రంథం నమ్మదగినదిగా ఉన్నది. వెలుపలివారి ఉద్దేశాలను ఉప ఎన్నికతో ముడిపెట్టే చోట బలహీనపడుతుంది. అక్కడ అతడు చూసినది చెప్పడం లేదు, ఊహిస్తున్నాడు.

ఉభయపక్షాలూ మరచే మూడవ గొంతు ఒకటున్నది. మృతులలో ప్యాట్సీ ఓహారా, కెవిన్ లించ్, మికీ డెవైన్ ఐఆర్ఏ వారు కారు, ఐఎన్ఎల్ఏ సభ్యులు. వీరిలో లించ్, డెవైన్ జులై తరువాత మరణించినవారు. ప్రతిపాదన సంగతి తమకు తెలియజేయనే లేదని ఆ పక్షం తరువాతి కాలంలో ప్రకటించింది. అప్పుడు ప్రశ్న ఎవరు తిరస్కరించారన్నదొక్కటే కాదు, ఎవరిని అసలు అడగలేదన్నది కూడా. వాదప్రతివాదాలలో ఆగస్టు 20 పదేపదే వినిపించేది ఓవెన్ కారన్ ఉప ఎన్నికలో గెలిచిన దినంగా. డెవైన్ మరణించినదీ ఆనాడే.