తిన్నని వంట

ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తి మాహాత్మ్యమును గూర్చి ప్రసంగించువారు, తిన్నడు కన్ను పెకలించి యిచ్చిన ఘట్టమును గొంతెత్తి చదివి, దానికి ముందున్న వంటను గొంతు తగ్గించి దాటిపోదురు. బెంగుళూరులోని మన తెలుగు గోష్ఠులలో మేమీ వింతను పలుమారు చూచితిమి. ఒకసారి మేము చదువుచుండగా ఒక పెద్దమనిషి, "అయ్యా, పంది మాట వదలుడు" అనిరి. వదలితిమి. వెనుకవరుసలో ఆ మాంసము తినెడి కుటుంబమువారు తల వంచుకొనుట అప్పుడు కంటబడినది. మా యింట నది వండరు. ఐనను ఆ దినమునుండి మనసులో ముల్లుండిపోయినది.

పంది మాట వదలినచో కథలో మిగులునదేమి? ఆ వేటమాంసమునే నిప్పులపై కాల్చి, రుచి చూచి, మేలైన ముక్కలనే గదా ఆ బోయకుమారుడు దొప్పలో తెచ్చినది! ఎంగిలియని పూజారి వగచెను. రుచి చూడక మెత్తని ముక్క నెట్లేరుట? 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యప్రభువు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమునందు పందిమాంసపు పాకమును రాజభోగములలో చేర్చెను. రాజు తిన్న భోగము, బోయ పెట్టిన అపచారమా?

ఆ వంటలోని ఓర్పును మేము పుస్తకమున గాక, మాతో గుమస్తాగా నున్న యొక కొడగు మిత్రుని పెరటిలో నెఱిగితిమి. పంది తొడను మంటపై బెట్టిన పైన బొగ్గు, లోన పచ్చి. మంట నణచి, నిప్పులను ప్రక్కకు నెట్టి, మూతవేసి, పొగలో గంటలకొలది మగ్గనీయవలెను. మాంసములోని గట్టిపొరలు 70 డిగ్రీలు దాటిన పిదపగాని చక్కగా కరగి జిగురు గావు. క్రొవ్వు మెల్లగా కరగి ముక్కను తడిపియుంచును. తొందరపడినవాడు తోలు నమలవలసినదే. కాచంపులి పులుసు ప్రక్కన నుంచుకొని మిత్రుడు ఉదయమునుండి సాయంకాలమువరకు పొయ్యి విడువలేదు. ఆయన కన్నులు పొగకు ఎఱ్ఱబడినవి. తిన్నడు కన్నిచ్చుట ఆ పొగలోనే మొదలైనదని మాకు తోచినది.

1954లో రాజకుమారుడు బేడర కణ్ణప్పగా కన్నడమునను, ఆ యేడే తెలుగునను నటించెను. 1976లో కృష్ణంరాజు చిత్రము, 2025లో మరియొకటి వచ్చినవి. అన్నిటను జనము కాచుకొనునది కన్నుకొఱకే.

రానున్న శివరాత్రికి మరల చదువుమని సంఘమువారు కోరిరి. ఈసారి పంది మాట వదలము. ఆ కుటుంబమువారిని ముందువరుసకు పిలువనున్నాము.