శత్రువుల కొఱకు ప్రార్థన

క్రైస్తవ ధర్మములలో శత్రువుల మేలు కోరి ప్రార్థించుట యనునది అందఱును పొగడు ధర్మము. ఆ మతమున లేనివారు సయితము దీనిని మెచ్చుకొందురు. అయితే అందఱును మెచ్చు ధర్మమునకు ఒక కీడు కలుగును: దానిని ఎవరును పరీక్షింపరు. ఆ ప్రార్థనలు ఏ మాటలతో కూర్పబడినవి, ఎవరు చేసిరి, ఎవరిని శత్రువులుగా నెంచి చేసిరి, చేసిన పిమ్మట వారి నడవడి యెట్లుండెను అని యడుగుట అపచారమని తోచును. కాని ప్రార్థనయు వాఙ్మయమే. మాటలతో కట్టబడిన దేదియు విమర్శకు అతీతము కాదు. భక్తి నిజమైనదైనచో విమర్శ దానికి హాని చేయజాలదు. నటన యైనచో విమర్శ అవశ్యకర్తవ్యము.

ఇట్టి ప్రార్థన సత్యమగుటకు రెండు గుఱుతులు కావలెనని నా యభిప్రాయము. జరిగిన కీడును కీడని చెప్పవలెను, ఇది మొదటిది. ప్రార్థించువాడు తన్ను న్యాయపీఠముపై గాక శత్రువు ప్రక్కనే నిలుపుకొనవలెను, ఇది రెండవది. మొదటిది లోపించినచో ప్రార్థన పిఱికితన మగును. రెండవది లోపించినచో అహంకార మగును. ఈ గుఱుతులతో కొన్ని ప్రార్థనలను పరిశీలింతము.

ముందుగా మూలమును చూడవలెను. మత్తయి సువార్త యైదవ అధ్యాయమున, కొండమీది ప్రసంగములో, శత్రువులను ప్రేమింపవలెననియు, హింసించువారి కొఱకు దేవుని వేడవలెననియు ఏసు బోధించెను. తరువాతి వ్రాతప్రతులలో శపించువారిని దీవించుట, ద్వేషించువారికి మేలుచేయుట అను విధులు కూడ ఇచ్చట కానవచ్చును. నాలుగవ శతాబ్దపు ప్రతులైన వాటికను, సీనాయి ప్రతులలో నవి లేవు. అవి లూకా సువార్తనుండి వచ్చి చేరినవని పండితులు నిర్ణయించిరి. ఆ ప్రాచీన పాఠమున మిగిలినవి రెండే: ప్రేమ, ప్రార్థన. ప్రేమ యను భావమునకు మొదట చెప్పబడిన పని ప్రార్థనయే యన్నమాట. ఎండకును వానకును మంచివాని చేను, చెడ్డవాని చేను అను భేదము లేదని వెంటనే దృష్టాంతము చూపబడినది.

ఇది మన వేమన మాటయే కదా యని చదువరులు తలపవచ్చును. చంపదగిన శత్రువు చేత జిక్కినను కీడు చేయక, మేలు చేసి పంపవలెనని చెప్పు పద్యము మన యిండ్లలో పిల్లలకు సయితము నోటికి వచ్చును. పోలిక నిజమే గాని భేదము గమనింపదగినది. వేమన చెప్పిన శత్రువు మన చేతికి చిక్కినవాడు. చంపుటకు శక్తియున్నది; చంపము. అది బలవంతుని దయ. సువార్తలోని శత్రువు హింసించుచున్నవాడు. అతని చేతిలో మనము చిక్కియున్నాము. మేలుచేసి పంపివేయుటకు మన యధీనమున నేమియు లేదు. అట్టి స్థితిలో పీడితునికి మిగిలిన స్వతంత్రకార్య మొక్కటియే, తన మనస్సును పీడించువాని చేతికి అప్పగింపకుండుట. ప్రార్థన ఆ కార్యమునకు పేరు. కాబట్టి యిది దుర్బలునికి విధింపబడిన శిక్ష కాదు, వానికి మిగిలిన స్వాతంత్ర్యము. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో తరువాత పనియున్నది.

క్రైస్తవులు యూదులనుండి స్వీకరించిన కీర్తనల గ్రంథములో శత్రువులను శపించు కీర్తనలును గలవు. ఏబదియెనిమిదవది, ఎనుబదిమూడవది, నూటతొమ్మిదవది ముఖ్యమైనవి. నూటతొమ్మిదవ కీర్తనలో శత్రువు ఆయుస్సు తఱుగవలెననియు, పిల్లలు దిక్కులేనివారు కావలెననియు కోరబడినది. శత్రువుల మేలు కోరుడని బోధించు సంఘము దీని నెట్లు పాడవలెను? 1971లో వెలువడిన రోమను కథోలిక నిత్యప్రార్థనా గ్రంథమునుండి ఈ మూడు కీర్తనలును తొలగింపబడినవి. ఆధునికులకు మనఃక్లేశము కలుగునని కారణము చెప్పబడినది.

ఈ తొలగింపు సదుద్దేశముతో చేసినదైనను సరియైనది కాదని నేను తలచుచున్నాను. ఆ శాపములు ఆదర్శములని ఎవరును వాదింపరు. అయినను అవి అన్యాయము పొందినవాని గొంతు. ఆ మనుష్యుడు కత్తి పట్టలేదు; తన క్రోధమునంతను దేవుని యెదుట గుమ్మరించెను. క్రోధము అచ్చట చెప్పబడినచో శమించుటకు త్రోవ కలదు. చెప్పనీయకుండ నొక్కిపెట్టినచో అది లోపల కుళ్లును. నొచ్చినవాడు నొచ్చెనని చెప్పకముందే వానిచేత క్షమను పలికించు గ్రంథము మొదటి గుఱుతును పోగొట్టుకొన్నది.

ఇక రెండవ గుఱుతు. 1544లో ఆంగ్ల సంఘము కొఱకు క్రాన్మరు ఇంగ్లీషున కూర్చిన దీర్ఘప్రార్థన యొకటి గలదు. ఒకరు విన్నపములు పలుకుచుండగా సంఘమంతయు బదులు చెప్పు పద్ధతిగల యీ ప్రార్థనను లిటనీ యందురు. హెన్రీ రాజు ఫ్రాన్సుపై దండెత్తబోవుచున్న సమయమది. అందు శత్రువులను, హింసకులను, అపనిందలు వేయువారిని దేవుడు క్షమించి వారి హృదయములను మరల్పవలెనని వేడుకోలు గలదు. శైలి గంభీరము, మాటల నడక మెచ్చదగినది. అయితే అదే ప్రార్థనలో రాజునకు శత్రువులందఱిపైని జయము కలుగవలెనను విన్నపమును గలదు. రోమా బిషప్పు దౌర్జన్యమునుండియు అతని యకృత్యములనుండియు తమ్ము విడిపింపుమను మాటలును గలవు. ఆ కడపటి మాటలు 1559 నాటి ప్రార్థనాగ్రంథమున లేకుండ చేయబడినవి. జయము కోరు విన్నపము నిలిచినది.

ఒకే మోకాళ్లపై నుండి ఒకే సంఘము ఈ మూడును పలికెను. ఎట్లు సాధ్యమయ్యెను? ‘శత్రువులు’ అను బహువచనము చేసిన మేలిది! సామాన్యనామమున పిలువబడిన శత్రువును క్షమించుట సులభము. వానికి ముఖము లేదు. రాజు శత్రువో, ఫ్రాన్సున నున్నాడు. పోపో, రోమున నున్నాడు. వారి విషయమున క్షమ మాట రాలేదు. మఱియు హృదయము మారవలసినది శత్రువునకే గాని ప్రార్థించువానికి గాదు. వాని మనస్సు మార్చి మా వలె చేయుము అనుట మేలు కోరుట వలె కనబడును గాని అందు సగము జయాపేక్షయే.

ఇంతకంటె శోచనీయమైన యుదాహరణము గుడ్ ఫ్రైడే ప్రార్థనలలో గలదు. ఏసు సిలువపై నుండి తన్ను చంపువారి క్షమను వేడెనని లూకా సువార్త చెప్పుచున్నది. ఆ వాక్యము కొన్ని ప్రాచీన ప్రతులలో కలదు, కొన్నింట లేదు. యూదులకు క్షమ కలుగుటను సహింపలేని లేఖకులు దానిని విడిచిరేమోయని కొందఱు పండితుల యూహ. ఊహ మాట యటుండనిండు. ఆ సిలువ మరణమును స్మరించు దినముననే రోమను సంఘము యూదుల కొఱకు చేయు ప్రార్థనలో వారిని విశ్వాసహీనులని నిందించు విశేషణము శతాబ్దముల పాటు నిలిచెను. తక్కిన ప్రార్థనలకు మోకరించు సంఘము ఈ యొక్క ప్రార్థనకు మోకరింపలేదు. మోకరించుట 1955లో మరల నేర్పడెను; ఆ విశేషణమును ఇరువది మూడవ యోహాను పోపు 1959లో తీసివేయించెను; 1970లో ప్రార్థనయే మార్చబడెను. ఐరోపాలో అరువది లక్షల యూదులు చంపబడిన పిమ్మట గాని ఈ సంస్కారము జరుగలేదు. ప్రార్థన శత్రువును మిత్రుని చేయుటకు మాఱుగా, పొరుగువానిని శత్రువుగా నిలిపి యుంచగలదని దీనివలన తెలియుచున్నది.

ఇన్ని లోపములు చూపిన వెనుక ఒక మంచి కూర్పును చూపుట న్యాయము. 1940 నవంబరు 14వ తేది రాత్రి జర్మను విమానములు ఇంగ్లండులోని కోవెంట్రీ నగరముపై బాంబులు కురిపించెను. అయిదు వందలకు పైగా జనులు మరణించిరి. సెయింటు మైకేలు మహాదేవాలయము గోడలును గోపురమును మాత్రము మిగిలి తగులబడెను. దేవాలయాధికారి రిచర్డు హోవర్డు ఆ క్రిస్మసునాడే శిథిలములనుండి రేడియోలో మాట్లాడుచు పగ తీర్చుకొను తలంపును విడువవలెనని చెప్పెను. నాడు యుద్ధము ముగియలేదు. గెలుపు నిశ్చయము కాదు. తరువాత శిథిలమైన బలిపీఠము వెనుక గోడపై, తండ్రిని పిలిచి క్షమ వేడు రెండే మాటలు చెక్కబడినవి. ‘వారిని’ అను మాట లేదు.

ఆ యొక మాట లేకపోవుటలోనే ఆ కూర్పు విలువ యంతయు నున్నది. సువార్తలోని వాక్యమున ఆ కర్మపదము కలదు. ఏసు నిర్దోషియని నమ్మువారికి అది తగియున్నది. కోవెంట్రీవారు తాము నిర్దోషులమని చెప్పుకొన సాహసింపలేదు. 1958లో కేనను జోసెఫు పూలు ఆ రెండు మాటలనే పల్లవిగా జేసి ఒక ప్రార్థనను కూర్చెను. జాతులను విడదీయు ద్వేషము, ఇతరుల సొత్తుపై ఆశ, శ్రమను దోచుకొను లోభము, పరుల మేలు చూచి యోర్వలేనితనము, నిరాశ్రయుల యెడ ఉపేక్ష మొదలైనవి వరుసగా పేర్కొనబడును. ప్రతిదాని వెనుక ఆ పల్లవి వచ్చును. కీడు కీడని చెప్పబడినది. మొదటి గుఱుతు కలదు. ఆ కీడు ఎవరిదో విభజింపబడలేదు. రెండవ గుఱుతును కలదు. డ్రెస్డెను నగరముపై 1945 ఫిబ్రవరిలో బ్రిటిషు, అమెరికను విమానములు చేసిన దాడిలో ఇంచుమించు ఇరువదియైదు వేలమంది మరణించిరి. ఆ లెక్కయు ఈ ప్రార్థనలో ఇముడును. లిటనీలోని మాటలలో అది యిముడదు.

ప్రార్థించువాడు ప్రతిఘటన మానవలెనా యను ప్రశ్న సహజముగా పుట్టును. జర్మను పాదిరి డీట్రిచ్ బోన్‌హోఫర్ 1937లో ప్రకటించిన శిష్యత్వ గ్రంథములో, శత్రువు కొఱకు ప్రార్థించువాడు శత్రువు పక్షమున దేవుని యెదుట నిలుచుచున్నాడని వివరించెను. అట్లు వ్రాసినవాడే హిట్లరు నిరంకుశత్వమును పడగొట్టు కుట్రలో పాల్గొని 1945 ఏప్రిలు 9వ తేదిని ఉరితీయబడెను. అతని మిత్రుడగు చిచెస్టరు బిషప్పు జార్జి బెల్ 1944 ఫిబ్రవరి 9వ తేదిని ప్రభువుల సభలో, జర్మను నగరములపై విచక్షణ లేక బాంబులు వేయుటను ఖండించెను. ఒకడు తన రాజ్యము నెదిరించెను; ఒకడు తన దేశము చేయు పనిని తప్పుపట్టెను. శత్రువు కొఱకు ప్రార్థించుటవలన వీరికి అన్యాయము కనబడకపోలేదు. తమవారు చేయు అన్యాయమును కనబడెను.

ఇప్పుడు మన యిండ్లకు వత్తము. భర్తచేత దెబ్బలు తిను స్త్రీతో, కూలి ఎగవేయబడిన పనివానితో, ‘ప్రార్థన చేయుము, క్షమింపుము, బయట చెప్పకుము’ అని బోధించు పెద్దలు అన్ని మతములందును గలరు. వారు సువార్తను ఆధారముగా జూపుదురు. పైని జ్ఞాపకముంచుకొనుమన్న మాట యిచ్చటనే పనికి వచ్చును. ప్రార్థన పీడితుని స్వాతంత్ర్యమైనచో, దానిని ఇతరులు విధించునప్పుడు అది యిక స్వాతంత్ర్యము కాదు. పీడించువాని మేలునకై పీడితుని నోరు మూయుట రెండవ పీడనము. కాబట్టి మూడవ గుఱుతును చెప్పవలసియున్నది: నొచ్చినవారు తామై చేయవలెను గాని, నొవ్వనివారు వారిచేత చేయింపరాదు.

మన దేశమున నొక నిదర్శనము గలదు. 1999 జనవరి 22వ తేది రాత్రి తెల్లవాఱక మునుపు, ఒడిశాలోని మనోహర్‌పూర్ గ్రామమున, కుష్ఠరోగుల సేవలో నుండిన ఆస్ట్రేలియా దేశీయుడు గ్రాహం స్టెయిన్సును, అతని పదేండ్ల, ఆఱేండ్ల కుమారులను బండిలో నిద్రించుచుండగా తగులబెట్టిరి. అతని భార్య గ్లాడిస్ హంతకులను క్షమించితినని బహిరంగముగా చెప్పెను. ఆ వెనుకను కొన్ని యేండ్లు బారిపదలోనే యుండి కుష్ఠరోగుల సేవ సాగించెను. ఆమె క్షమ న్యాయస్థానముల ద్వారములు మూయలేదు. ప్రధాన ముద్దాయికి 2003లో మరణశిక్ష పడెను. 2005లో హైకోర్టు దానిని యావజ్జీవ శిక్షగా తగ్గించెను. 2011లో సుప్రీంకోర్టు ఆ తగ్గింపును స్థిరపఱచెను. క్షమ ఆమెది, శిక్ష ప్రభుత్వముది. ఒకటి రెండవదాని పనిలో జోక్యము కలిగించుకొనలేదు. ఆమె క్షమింపక యుండినను ఆమెను తప్పుపట్ట నెవరికిని అధికారము లేదు. లేదు గనుకనే ఆ క్షమకు అంత విలువ.

ఇట్టి ప్రార్థనవలన శత్రువు మారునా యని యడుగువారుందురు. మారినవారును కలరు, మారనివారును కలరు. ఆ లెక్కతో దీనిని తూచుట వర్తకము. ప్రార్థనలను కూర్చువారికిని, పిల్లలకు నేర్పు తల్లిదండ్రులకును నేను మనవి చేయునది యింతే. శత్రువులందఱును బాగుండవలెనని నేర్పుట చాలదు. నీకు కీడు చేసినవా డెవడు, చేసిన కీడేది, నీవు పరులకు చేసిన కీడేది అని ముందుగా చెప్పుకొననిండు. కోపము వచ్చినచో కోపమును చెప్పుకొననిండు. న్యాయము కోరవలసినచోట కోరనిండు. ఆ తరువాత ఆ బిడ్డ తనంతట మోకరించి ఆ పేరు పలికినచో వినుడు, పలుకకున్నచో వేచియుండుడు.