మూడు సెకన్ల చోటు

ముహూర్తాలు మొదలయ్యాయంటే ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద రాత్రిపూట పాట కంటే ముందు ఒక పేరు వినపడుతుంది. బండి మీద పేర్చిన బాక్సుల్లోంచి ‘డీజే ఫలానా’ అని ఒక గొంతు ఉరుముతుంది. పల్లవికి ముందు ఒకసారి, చరణం నడుమ ఒకసారి, బేస్ దిగే చోట మరోసారి. ఈ వారం నా చికాకు అదే. అయితే చీర మీద నేతగాడి పేరు ఎందుకుండదు, కుండ మీద కుమ్మరి పేరు ఎందుకుండదు అని ఇదే కాలమ్‌లో పాఠకులను విసిగించినవాణ్ని నేను. పనిచేసినవాడు తన పేరు తానే మోగించుకుంటే ఇప్పుడు చెవులు మూసుకోవడం న్యాయం కాదు. అందుకని ముందు డీజే తరఫునే వకాల్తా పుచ్చుకుంటాను.

ఎవరో పాడిన పాటను మోగించేవాడు కళాకారుడెలా అవుతాడన్నది పాత ప్రశ్నే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, చెల్లెలు పెట్టిన పార్టీలో డీజే కూల్ హెర్క్ దీనికి చేతులతోనే జవాబిచ్చాడు. పాటలో గొంతు ఆగి డ్రమ్ము ఒక్కటే మోగే కాసిని సెకన్ల దగ్గరే జనం ఊగిపోతున్నారని ఆయన కనిపెట్టాడు. తర్వాత తర్వాత ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు పళ్లేల మీద పెట్టి, ఒకటి అయిపోగానే రెండోదానికి మారుతూ, ఆ ముక్కను నిమిషాల తరబడి సాగదీశాడు. హిప్‌హాప్‌కు పునాది పడింది అక్కడే. ఈ విద్య ఇటలీ చేరేసరికి డీజే సొంతంగా ఆల్బమ్ వేసే స్థాయికి ఎదిగాడు. ట్రెవీజో ఊరివాడైన డీజే షోకా 2004లో ‘60 హెర్ట్జ్’ తెచ్చాడు. పాడింది మిస్టామాన్, ఫ్రాంక్ సిచిలియానో వంటివాళ్లు. బీట్లు కట్టింది షోకా. అట్ట మీద పేరు ఆయనది, పాట పాటకూ పక్కన పాడినవారి పేరు. మన డీజే చేసేదీ ఆ తరహా పనే. జానపదాన్ని తీసుకుని, వేగం సరిచేసి, గొంతు కింద తీన్మార్ దెబ్బ పరిచి, ఎక్కడ ఆపితే కాళ్లు ఆగవో అక్కడ ఆపుతాడు. ఆ ఆపడంలోనే ఉంది పనితనం. పక్క ఊరి డీజే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని తనదని చెప్పుకోకుండా పాటలో పేరు ఇరికిస్తాడు. ఆ అరుపు ఆయన వేసుకున్న తాళం.

ఇదంతా డప్పును మింగేసిన గోల అనేవాళ్లున్నారు. ఆ మాటలో సగం నిజం. డప్పు కొట్టేవారి కూలీ పోయిన మాట కాదనలేం. కానీ తీన్మార్‌కే ఒక ప్రయాణం ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమీ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు తెచ్చిన మర్ఫా వాద్యం బార్కస్, ఏసీ గార్డ్స్ బస్తీల నుంచి హైదరాబాద్ పెళ్లిళ్లలోకి నడిచింది, వీధిలో మన దెబ్బలతో కలిసి తీన్మార్ అయింది. ఎక్కడిదో దరువును తెచ్చి సొంతం చేసుకోవడం డీజేతో మొదలైన పాపమేమీ కాదు. ఇక మోత సంగతి. నివాస ప్రాంతాల్లో రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను ఏకంగా నిషేధించారు. గుండె అదిరే మోతను నేనూ సమర్థించను. అయితే అది బాక్సుల నేరం. మిక్స్ కట్టినవాడి పనితనం మీద తీర్పుగా దాన్ని చదవకూడదు.

ఇంతవరకూ వకాల్తా సాఫీగానే సాగింది. చిక్కు ఆ పేరు దగ్గరే పడింది. డీజే పేరు మూడుసార్లు మోగిన ఆ పాటలో పాడిన మనిషి పేరు ఎన్నిసార్లు వినపడింది? ఒక్కసారి కూడా లేదు. హిప్‌హాప్ చరిత్రలోనూ ఈ మచ్చ ఉంది. జేమ్స్ బ్రౌన్ 1970 నాటి ‘ఫంకీ డ్రమ్మర్’లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన కాసిని సెకన్ల దరువు వందలాది పాటల్లోకి వెళ్లింది. రచయితల జాబితాలో ఆయన పేరు లేదు కాబట్టి రాయల్టీ దక్కలేదు. జానపదానికి యజమాని ఎవరండీ, అది ఊరందరిదీ కదా అంటారు. పాట ఊరిదే కావచ్చు, గొంతు మాత్రం ఒక్కరిదే. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాకు ‘సారంగదరియా’ వచ్చినప్పుడు, టీవీ వేదిక మీద ముందే ఆ జానపదం పాడిన కోమలి ప్రశ్నిస్తే, దర్శకుడు శేఖర్ కమ్ముల బహిరంగంగా జవాబు చెప్పాల్సి వచ్చింది. సినిమా కాబట్టి అడగడానికి ఒక చిరునామా ఉంది. బరాత్ బండికి ఏ చిరునామా ఉంది? పైగా చట్టం పెళ్లి ఊరేగింపుకు మినహాయింపు ఇచ్చింది. అక్కడ రికార్డు మోగించినందుకు ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. నాకు ఆ మినహాయింపు నచ్చుతుంది కూడా, పేదింటి పెళ్లికి లైసెన్సు అడగకూడదు. కానీ అదే కాపీరైట్ చట్టం 2012 సవరణతో, పాడింది తానేనని గుర్తించమని అడిగే హక్కు గాయకులకు ఇచ్చింది. రుసుము మాఫీ అయితే పేరూ మాఫీ అయినట్టు లెక్క కట్టడం మన సొంత తెలివి.

కాబట్టి అనుకున్నదానికి తలకిందులుగా తేలింది నా అభిప్రాయం. డీజే పేరు తీసేయాలని కూర్చుని, ఇంకో పేరు కలపాలనే దగ్గర ఆగాను. ఆ అరుపుకు పట్టేది మూడు సెకన్లు. మూడుసార్లలో ఒక్కసారి అక్కడ పాడినామె పేరు పడితే బేస్ ఏమీ తగ్గదు, చిందేసే కాళ్లూ ఆగవు. యూట్యూబ్‌లో ఆ మిక్స్ ఎక్కించేటప్పుడైతే సాకు అసలే లేదు. శీర్షికకు అక్కడ నూరు అక్షరాల చోటు ఇస్తారు. ప్రస్తుతానికి అందులో డీజే పేరు, ఆయన ఊరు, ‘న్యూ’, ‘స్పెషల్’, ‘రోడ్‌షో మిక్స్’, మళ్లీ డీజే పేరు.