నీరింకిన బంగారం

పనామా అడవుల్లో, వానకు తడిసిన తీగల ఆకుపాన్పుల మీద పవళించే ఓ పసిడి తాబేటి పురుగా! కంసాలి కాచని బంగారమా, కొలిమి సెగ సోకని కాంతీ! గోరంతైనా లేని నీ ఒంటి మీద ఉదయభానుణ్ణి కరిగించి పోసిందెవరు? పోసినవాళ్లు ఆ వెలుగును నీ దగ్గర నాలుగునాళ్లకు మించి ఉండనివ్వరేమి?

ఎవరైనా నిన్ను తాకితే చాలు, ఆ ధగధగలన్నీ తొలగిపోతాయి. చూస్తుండగానే సంధ్యారాగం నీ మీదికి దిగివస్తుంది, అడుగున అణిగి ఉన్న ఎరుపు అంతటా అలముకుంటుంది. మేము భయాన్ని చిరునవ్వు చాటున దాచుకుంటాం. నువ్వు దాన్ని ఒళ్లంతా కప్పుకుని నిలబడతావు.

బెల్జియంలోని నామూర్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త జాన్ పోల్ విన్యెరాన్ తన సహచరులతో కలిసి 2007లో నీ మర్మం విప్పాడు. నీ పెంకులో పొర మీద పొర, ఒక్కొక్కటీ ఒక్కో మందం. ఒక్కో పొర ఒక్కో వన్నె వెలుగును వెనక్కి పంపితే, అన్నీ కలిసి పసిడి అవుతున్నాయి. ఆ పొరల్లో కంటికి ఆనని రంధ్రాలున్నాయి. వాటిలో నీ ఒంటి నీరు నిండి ఉన్నంతసేపూ నీ పెంకు అద్దం. నీరు వెనక్కి లాక్కున్నావా, అద్దం చెదిరి, వెలుగుకు దారిచ్చి, అడుగునున్న ఎర్ర రంగును బయటపెడుతుంది. నీ సిరి అంతా ఇంతేనా తల్లీ, మంచుబొట్టులో వెయ్యో వంతు తడి!

ఆ తడి ఆరిననాడు నీ వన్నె కూడా ఆరిపోతుంది. నిన్ను సూదికి గుచ్చి గాజుపెట్టెలో దాచుకున్నవాడికి మిగిలేది వెలవెలబోయిన చిప్ప. మన పొలం గట్ల తూటాకుల మీద, చిలగడదుంప తీగల మీద మెరిసే నీ చుట్టాలదీ ఇదే కడపటి పయనం. రాజాధిరాజులు సైతం బంగారాన్ని వదిలి వెళ్లారు. నువ్వు మాత్రం నీదాన్ని వెంటబెట్టుకునే పోతావు. నీ గుట్టు చదివిన విన్యెరాన్ కూడా 2013లో వెళ్లిపోయాడు.

నీ అన్న హెర్క్యులిస్ కొమ్ముపురుగుది మరో రాత. పొడిగాలిలో అతని రెక్కల పెంకు పసుపు కలిసిన ఆకుపచ్చ, తేమ ముసిరిన వేళ కాటుక నలుపు. నీకు పసిడినిచ్చే నీరే అతనికి చీకటినిస్తుంది! అతని పెంకులోని సందుల్లోకి నీరు చేరగానే, వెనుదిరగాల్సిన వెలుగు తిన్నగా లోపలికి పోయి నలుపులో మునిగిపోతుందని 2008లో ఆ నామూర్ బృందమే చెప్పింది. అతణ్ణి చూసి దక్షిణ కొరియా పరిశోధకులు 2010లో సూక్ష్మ రంధ్రాల పలుచని పొర ఒకటి తయారుచేశారు. గాలిలో తేమ 25 శాతం నుంచి 98 శాతానికి పెరుగుతుంటే ఆ పొర నీలి ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారుతుంది, తేమ ఎంతో చూపు చెప్పేస్తుంది. ముచ్చటైన పనే. అయినా ఆ పొర ఏ పిట్ట నీడకూ ఉలిక్కిపడదు, ఏ ఆకునూ కొరకదు, ఏ జతనూ వెతకదు. రంగు మార్చడం దానికి వచ్చింది, ఎందుకు మార్చాలో దానికి పట్టదు.

ఇంతలో మరో కబురు. జర్మనీలో అభయారణ్యాల వంటి రక్షిత ప్రాంతాల్లోనే, 27 ఏళ్లలో ఎగిరే పురుగుల మొత్తం బరువు ముప్పాతికకు మించి తరిగిపోయిందని 2017లో తేలింది. కాపలా ఉన్నచోటే ఇంత కరువైతే, కాపలా లేని చేల గతి ఏమిటి? మాకు పాఠం చెప్పే మీలాంటి పంతుళ్లు ఒక్కొక్కరే బడి విడిచి పోతుంటే, మేమింకా పలక మీద ఓనమాలు దిద్దుతున్నాం. ఏ పేరూ పెట్టకముందే, ఏ పొరనూ లెక్కించకముందే ఎన్ని వన్నెలు మట్టిలో కలిశాయో! వాటి కోసం ఏడ్చేదెవరు, పురుగా?

నీ బంగారాన్ని దాచగల భోషాణం మా దగ్గర లేదు. తడి ఉన్న నీ ఒళ్లే దానికి భోషాణం, ఆ ఒంటిని నిలిపేది ఆకు, ఆకును నిలిపేది వాన తగిలిన నేల. కాబట్టి నా శోకానికి విలువంటూ ఉంటే, గట్టు మీది పిచ్చితీగ మీద మందు కొట్టబోయే చేతిని పట్టుకుని ఆపడంలోనే ఉంది.