ముగ్గులా గీసిన చిరునామా

మొదటిసారి బ్యాంకాక్ వెళ్లినప్పుడు సుఖుంవిట్ రోడ్డులో 38వ సోయ్‌లో గది తీసుకున్నాను. సోయ్ అంటే సందు. విమానాశ్రయంలో టాక్సీ ఎక్కి "సుఖుంవిట్, థర్టీ ఎయిట్" అన్నాను. డ్రైవరు తలూపాడు. నేనూ తలూపాను. ఆయన పెట్టెలు దించి వెళ్లిపోయాక తలెత్తి చూస్తే బోర్డు మీద 28.

తప్పు డ్రైవరుది కాదు. ట్వెంటీ, థర్టీ రెండూ నా నోట్లో ఒకేలా పలికి ఉంటాయి. అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. ఆ రోడ్డుకి బేసి నంబర్ల సందులన్నీ ఒక పక్క, సరి నంబర్లన్నీ మరో పక్క. పైగా రెండు పక్కలా ఒకే లెక్కన పెరగవు. 38కి దాదాపు ఎదురుగా 55 ఉంటుంది. ఈ సంగతి తెలియని నేను రోడ్డు దాటాను. అక్కడ 40 దాటిన నంబర్లు కనిపించేసరికి, అయ్యో, దాటి వచ్చేశానే అనుకుని వెనక్కి నడిచాను. చక్రాల పెట్టె లాక్కుంటూ, మార్చి ఎండలో, నిష్ఠగా తప్పు దిక్కుకి గంటసేపు.

అప్పటి నుంచి నాకొక చాదస్తం పట్టుకుంది. ఏ దేశం వెళ్తున్నా ఇంట్లోనే ఒక చీటీ తయారు చేసుకుంటాను. దిగబోయే చోటు పేరు, వీధి, పక్కనున్న గుర్తు, అక్కడి ఫోన్ నంబరు, అన్నీ ఆ ఊరివాళ్ల లిపిలో, పెద్దక్షరాల్లో అచ్చు తీయిస్తాను. "ఫోన్‌లో ఉందిగా, మళ్లీ కాగితమెందుకండీ?" అంటుంది మా ఆవిడ. ఉంది. కానీ ఆ ఫోన్ డ్రైవరు చేతికిస్తే ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, అక్షరాలు పెద్దవి చేయబోయి, మ్యాపుని చియాంగ్ మాయి దాకా జరిపేస్తాడు. కాగితం కదలదు. నంబరు కూడా ఉంటే మనతో పని లేకుండా ఆయనే ఫోన్ చేసి దారి కనుక్కుంటాడు.

బ్యాంకాక్‌లో దిగి సువర్ణభూమి అన్న బోర్డు చూడగానే మనవాళ్లకి మేనమామ ఊళ్లో దిగినట్టుంటుంది. 2006 సెప్టెంబరులో తెరిచిన ఆ విమానాశ్రయానికి రాజు భూమిబోల్ పెట్టిన పేరది. అంతకు ముందు ఆ నేలని నాగుపాముల మడుగు అనేవారు. మడుగు పూడ్చి బంగారు భూమి చేశారన్నమాట. లోపల క్షీరసాగర మథనం శిల్పం, వాసుకిని చెరో వైపు లాగుతున్న దేవతలు, రాక్షసులు. ఇంతటి బంధుత్వం చూసి మురిసిపోయి, తిరుగు ప్రయాణంలో టాక్సీవాడితో "సువర్ణభూమి" అని స్పష్టంగా, ఒత్తులతో సహా అనండి. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు. రాసేటప్పుడు సంస్కృతం అక్షరాలు పోకుండా రాస్తారు. పలికేటప్పుడు మాత్రం "సువన్నపూమ్". చివరి ఇకారాన్ని మింగేస్తారు. మన నోటిని నమ్ముకుని పరాయి దేశంలో టాక్సీ ఎక్కకూడదన్న నా చాదస్తానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

దిగబోయే చోటి చిరునామా ఇప్పుడు విమానం ఎక్కకముందే కావాలి. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ కాగితపు కార్డు బదులు ఆన్‌లైన్‌లో ఆగమన పత్రం నింపమంటోంది. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి, రుసుము లేదు. అందులో ఎక్కడ దిగుతున్నారో రాయాలి. రుసుము అడిగే సైటు కనిపించిందంటే అది ప్రభుత్వానిది కాదు.

మొన్నటి ప్రయాణంలో శంషాబాద్ నుంచి రాత్రి విమానమే. మనకన్నా గంటన్నర ముందుండే ఊరు కాబట్టి సగం నిద్రలో తెల్లవారిపోయింది. హోటళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. ఇలాంటప్పుడు నాకు తొందర ఉండదు. విమానాశ్రయం కింది అంతస్తులో, టాక్సీలు నిలిచే చోటే, అక్కడ పనిచేసేవాళ్లు తినే ఫుడ్ కోర్టు ఉంది. పై అంతస్తుల ధరలో సగం కూడా ఉండదు. ఇంకో అంతస్తు దిగితే రైలు. ఆ స్టేషన్ పక్కన డబ్బు మార్చే కౌంటర్లలో, సామాన్లు తీసుకునే హాలు కన్నా మంచి ధర వస్తుంది. రైలు 45 బాట్లకి ఫయా థాయ్ దాకా, అరగంటలోపే తీసుకెళ్తుంది. అక్కడ బీటీఎస్ అనే సిటీ రైలు అందుకోవచ్చు. దారిలో రామ్‌ఖమ్‌హేంగ్ అని ఒక స్టేషన్. థాయ్ లిపిని రూపొందించాడని వాళ్లు చెప్పుకునే రాజు పేరది.

ఒంటి పెట్టెతో ఉన్నవాడికి రైలుని మించింది లేదు. నలుగురూ, నాలుగు పెట్టెలూ ఉంటే టాక్సీయే. మరబొమ్మ లాంటి యంత్రం ముందు వేలు నొక్కితే వరస నంబరున్న చీటీ వస్తుంది. ఆ నంబరు దగ్గర నిలబడ్డ కారే మనది. మీటరు మీద విమానాశ్రయానికని 50 బాట్లు అదనం, టోలు రోడ్డు ఎక్కితే అది వేరే. యంత్రం ఇచ్చిన చీటీ దిగేదాకా మన దగ్గరే ఉంచుకోవాలి, డ్రైవరు అడిగినా సరే.

ఆ యంత్రం దగ్గరే ఒక పెద్దావిడ నన్ను ఆపింది. పక్కన ఆయన, రెండు పెట్టెలు, పచ్చళ్ల వాసన.

"బిడ్డా, తెలుగోల్లేనా? మా కొడుకు ఆఫీసుల ఉన్నడు, మాపటికి వస్తడట. గీ రూముకు పొమ్మన్నడు. జర సూడు."

ఫోన్‌లో ఉన్నది ప్రాతునామ్‌లో ఒక హోటల్ పేరు, ఇంగ్లీషులో. ఛార్జింగ్ ఆరు శాతం. అది ఆరిపోయేలోపు నా ఫోన్‌లో మ్యాపు తెరిచి థాయ్‌లో చిరునామా పట్టుకున్నాను. అచ్చు వేసే దారి లేదు కాబట్టి బోర్డింగ్ పాస్ వెనక చూసి గీయడం మొదలుపెట్టాను. పల్లవుల లిపి ఖ్మేరుల చేతుల మీదుగా వెళ్లి ఇలా థాయ్ లిపి అయిందట. మనదీ బ్రాహ్మీ వంశమే. దాయాదుల ముఖాల్లా ఎక్కడో చూసినట్టుంటాయి, ఒక్కటీ గుర్తుపట్టలేం. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా ఇవ్వరు.

ఆవిడ కాసేపు చూసింది. "గదేంది బిడ్డా, కోడి గెలికినట్టున్నది. ఇటియ్."

పెన్ను లాక్కుని, ఆయన వీపు మీద కాగితం పెట్టింది. ఆ అక్షరాల్లో చాలావాటికి మొదట్లో చిన్న సున్నా ఉంటుంది. ఆవిడ ఆ సున్నా దగ్గర చెయ్యి ఆనించి, అక్కడి నుంచి గీతని ఎత్తకుండా తిప్పుకొచ్చింది. చుక్క తప్పలేదు, మెలిక తప్పలేదు. నేను గీసిన మొదటి వరస కొట్టేసి మళ్లీ తనే గీసింది. "కదలకుండ్రి" అని ఆయన్ని ఒకసారి కసిరింది.

డ్రైవరు కాగితం అందుకుని, పైనుంచి కింది దాకా గొంతెత్తి గడగడా చదివాడు. ఎక్కడా ఆగలేదు. చదివి డిక్కీ తీశాడు.

"ఏమంటున్నడు?" అన్నాడు పెద్దాయన.

"నా రాత సదువుతున్నడు" అంది ఆవిడ, ముందు తను ఎక్కుతూ.