మనం అడిగి తెరుచుకున్న ఖాతా

విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో చదువు ముగించుకున్న పిల్లల్ని కదిపితే ఒక్కొక్కరికి రెండేసి బ్యాంకు ఖాతాలు తేలుతున్నాయి. ఒకటి ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం తెరిచింది, ఇంకొకటి ఉద్యోగమిచ్చిన కంపెనీ తెరిపించింది. తామై నాలుగు చోట్ల వాకబు చేసి తెరుచుకున్న ఖాతా మాత్రం అరుదు.

మా తరమూ వాకబు చేసింది లేదు. కృష్ణా జిల్లాలో చాలా ఇళ్లకు బ్యాంకంటే ఆంధ్రా బ్యాంకే. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకది. నాన్న ఖాతా ఏ బ్రాంచిలో ఉంటే కొడుకుదీ అక్కడే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారింది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడూ మారింది. ఆ పేరు మీద నాకు మమకారం పోలేదు. ఖాతా తెరవడానికి మమకారం చాలదు.

మా మేనల్లుడు బెంగళూరు ఉద్యోగం మానేసి గుడివాడలో పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. మొన్న పాస్‌బుక్ ప్రింట్ చేయించి తెచ్చాడు. జీతం ఆగిన కొన్నాళ్ల నుంచి నెలనెలా అవే రెండు పద్దులు: మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీ, దాని కింద 18 శాతం జీఎస్టీ. జీతం ఖాతాకు జీరో బ్యాలెన్స్ సౌకర్యం జీతం పడుతున్నన్నాళ్లే. చాలా బ్యాంకుల్లో వరసగా మూడు నెలలు పడకపోతే అది మామూలు సేవింగ్స్ ఖాతా అయిపోతుంది. నిల్వ తగ్గితే ముందు కబురు చేసి నెల గడువివ్వాలనీ, ఆ కోతలతో ఖాతా మైనస్‌లోకి పోకూడదనీ 2015 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన. కబురు వచ్చింది, వాడు వదిలేసిన పాత సిమ్ నంబరుకి.

ఉద్యోగం కుదురుకునేదాకా బేసిక్ సేవింగ్స్ ఖాతా మేలని నా నమ్మకం. కౌంటర్లో ఆ పేరుతోనే అడగాలి. కనీస నిల్వ అక్కర్లేదు, ఏటీఎం కార్డుకు డబ్బు కట్టక్కర్లేదు, నెలకు కనీసం నాలుగు విత్‌డ్రాయల్స్ ఉచితం. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు. స్టేట్ బ్యాంకు 2020లో, కెనరా బ్యాంకు 2025లో మామూలు సేవింగ్స్ ఖాతాలకే కనీస నిల్వ జరిమానా ఎత్తేశాయి కాబట్టి అవీ చూడొచ్చు. ఏదైనా సరే, ఇంటికి దగ్గర్లో బ్రాంచి ఉన్నదే తీసుకోమంటాను. ఫోను పోయిన రోజు ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి కావాలి.

పాతది మూసే ముందు ఇంకో పనుంది. గ్యాస్ సబ్సిడీలాంటి ప్రభుత్వ సొమ్ము ఆధార్‌తో ముడిపడిన ఒక్క ఖాతాకే వస్తుంది. ఆ లింకు కొత్త ఖాతాకు మార్చమని బ్యాంకులో కాగితమిచ్చి, మారిందని ఆధార్ వెబ్‌సైట్లో చూసుకున్నాకే పాత ఖాతా మూయాలి. మావాడిది ఇంకా మారలేదు. సోమవారం మళ్లీ బ్రాంచికి వెళ్తున్నాడు.